అండమాన్ దీవులకు సంస్థ ఫోనుతో

ఉద్యోగికి సంస్థ సమకూర్చే వస్తువులు అనేకం. క్వార్టరు, యూనిఫారం, హెల్మెట్, టార్చిలైటు, వానాకాలంలో రెయిన్‌కోటు. వీటన్నింటికీ ఒక వేళ, ఒక చోటు ఉంటాయి. షిఫ్టు ముగియగానే హెల్మెట్ కొక్కానికి చేరుతుంది. యూనిఫారం దండెం మీదికి వెళుతుంది. వేళాపాళా లేకుండా మనతోపాటు ఇంటికి వచ్చి, భోజనం దగ్గర కూర్చుని, రాత్రి తలాపిన పడుకునే వస్తువు ఒక్కటే. అది సంస్థ ఇచ్చిన చిన్న ఫోను.

మా విభాగంలో షిఫ్టు బాధ్యతలు చూసేవారికి ఇచ్చినది అరచేతిలో ఇమిడిపోయే మీటల ఫోను. తూకం నూరు గ్రాములలోపే. ఒకసారి ఛార్జి చేస్తే నాలుగు రోజులు నిక్షేపంగా పనిచేస్తుంది. నెత్తిన చిన్న దీపం తప్ప వేరే అలంకారాలు లేవు; కెమెరా అసలే లేదు. ఇంట్లో పిల్లలు దీనిని చూసి నవ్వుతారు. కానీ 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో మార్టిన్ కూపర్ తొలిసారి చేతిఫోనులో మాట్లాడినప్పుడు ఆయన పట్టుకున్నది ఇటుకంత సాధనం. మన దేశంలో 1995 జూలై 31న కలకత్తా నుండి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో ఈ సౌకర్యానికి శ్రీకారం చుట్టారు. ఆనాడు ఏ కొద్దిమంది పెద్దలకో దక్కిన సాధనం నేడు పంపుహౌసులో పనిచేసేవారి జేబులోనూ ఉన్నది.

2025 జనవరిలో మేము నాలుగు కుటుంబాలవారం, పిల్లాపెద్దలందరం కలిసి పదమూడుమందిమి, ఎల్.టి.సి. మీద అండమాన్ దీవులకు బయలుదేరినప్పుడు మా మధ్య మొదటి చర్చ ఈ ఫోను గురించే జరిగింది. "సెలవు పెట్టింది మీరా, మీ ఆఫీసా?" అని ఇంటివారు నిలదీశారు. అవసరం చెప్పి రాదు గనుక వెంట ఉంచుకోవాలని మేము వాదించాము. చివరకు మా నలుగురి వద్దనున్న రెండు సంస్థ ఫోన్లూ ప్రయాణానికి సిద్ధమయ్యాయి. సెలవులో ఉన్న ఉద్యోగి పిలుపునకు అందుబాటులో ఉండాలా అన్న ప్రశ్న కూడా వాటితోపాటే నౌక ఎక్కింది.

సముద్రం మీద అరవై గంటలు

చెన్నై రేవు నుండి అండమాన్ రాజధాని సుమారు 1,200 కిలోమీటర్లు. విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. నౌకలోనైతే దాదాపు అరవై గంటలు. సముద్రయానం చేయాలన్న పిల్లల కోరిక మేరకు మేము వెళ్ళేటప్పుడు నౌకను, వచ్చేటప్పుడు విమానాన్ని ఎంచుకున్నాము.

నౌక రేవు దాటిన పిదప చెన్నై భవనాలు క్రమంగా కురచనై, నీటి అంచున ఒక గీతగా మారి, ఆపై ఆ గీత కూడా చెరిగిపోయింది. ఫోను తెరపై సంకేతాన్ని చూపే గీతలు సైతం అదే వరుసలో ఒక్కొక్కటిగా తగ్గి మాయమైనవి. ఇందులో వింత లేదు. సెల్‌ఫోను ఆకాశంలోని ఉపగ్రహంతో మాట్లాడదు. నేలపై నిలబడిన టవరుతో మాట్లాడుతుంది. ఒక్కొక్క టవరు తన చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర ఒక గడిని పాలిస్తుంది. నేలనంతటినీ అటువంటి గడులుగా విభజించారు గనుకనే దీనికి సెల్యులార్ అన్న పేరు వచ్చింది. సముద్రంలో టవర్లు లేవు, కనుక గడులు లేవు. నౌకను నడిపేవారికి రేడియో, ఉపగ్రహ సాధనాలు ఉన్నాయి; ప్రయాణికులకు మాత్రం ఆ రెండున్నర రోజులూ మౌనమే.

మొదటి పూట చెయ్యి తరచుగా జేబు తడుముకున్నది. మోగని ఫోను మోగినట్లు అనిపించింది. రెండవ రోజుకు ఆ అలజడి సద్దుమణిగింది. డెక్కు మీద నిలబడి, అలల నుండి లేచి కొంతదూరం గాలిలో జారి మళ్ళీ నీటిలో మునిగే ఎగిరే చేపలను పిల్లలతోపాటు మేమూ లెక్కపెట్టాము. రాత్రివేళ, నగరకాంతులు సోకని ఆకాశంలో నక్షత్రాలు ఎన్ని ఉంటాయో మా పిల్లలు మొదటిసారి చూశారు.

మూడవనాటి ఉదయం పచ్చని కొండలు కనిపించాయి. వాటితోపాటు ఫోను గీతలూ తిరిగివచ్చాయి. కాసేపటికే గంట మోగింది. పిలిచింది మా విభాగపు కుర్రవాడు. మేము సముద్రం మీద ఉండగా రెండవ పంపు బేరింగు పోయిందట. రాత్రి షిఫ్టువారే విప్పి, మార్చి, పంపు నడిపించారట. "చెబుదామని చేశాను సార్, అంతే" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. సంతోషమే కలిగింది. మేము లేకుండానే పని జరిగిపోయినందుకు కొద్దిగా మనసు చివుక్కుమన్నమాట కూడా నిజమే.

తెలుగువారి దీవులు

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. ఊళ్ళో ఇంకా పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది. చిన్నాపెద్దా దీవులు, రాతి దిబ్బలు కలిపి ఈ సముదాయంలో 836 ఉండగా, స్థిరమైన జనావాసం ఉన్నవి 31 మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం సుమారు 3,80,000; వారిలో నూటికి పదమూడుమంది దాకా మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి చేపల వేటకు, కూలిపనులకు, చిరువ్యాపారాలకు తరలివచ్చిన కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. బజారులో కొబ్బరిబొండం బేరమాడితే బదులు తెలుగులోనే వచ్చింది.

ఇక్కడ మమ్మల్ని మొదట తికమకపెట్టింది కాలం. మన దేశపు గడియారాలన్నీ కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తాయి. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నందున సూర్యుడు నలభై నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. జనవరి సాయంత్రం అయిదుంబావుకే పొద్దుగుంకింది. మన ఆఫీసులలో ఫోన్లు జోరుగా మోగే వేళకు దీవులలో దీపాలు పెట్టేస్తారు.

రెండు సెల్యులార్‌లు

సెల్యులార్ జైలును చూడని అండమాన్ యాత్ర యాత్ర కాదు. 1896లో మొదలైన నిర్మాణం 1906లో పూర్తయింది. మధ్యనున్న బురుజు నుండి చక్రపుటాకుల వలె ఏడు వరుసల భవనాలు. వాటిలో 693 గదులు. నేడు మూడు వరుసలే మిగిలి ఉన్నాయి. 1979లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఒక వరుస ముఖం మరొక వరుస వీపును చూసేటట్లు కట్టిన తీరును అక్కడ నిలబడి గమనిస్తే గాని దానిలోని క్రూరత్వం బోధపడదు. గదికొక మనిషి. ఎదుట గోడ. పక్కవాని ముఖం కనిపించదు, మాట కలవదు. ఇంటికి ఉత్తరం రాసుకోవడానికి రాజకీయ ఖైదీలకు ఏడాదికొక్కసారి అనుమతి దొరకడమే గగనం. 1922-24 నాటి మన్యం విప్లవంలో అల్లూరి సీతారామరాజు అనుచరులుగా పోరాడి శిక్షపడినవారిలో కొందరిని సముద్రాలు దాటించి ఈ దీవులకే పంపారు. అడవి పలుకులు తప్ప వేరే భాష ఎరుగని ఆ గిరిజనవీరుల క్షేమసమాచారం వారి గూడేలకు ఎన్నేళ్ళకు చేరిందో ఊహించుకోవలసిందే.

జైలు పేరులోనూ, మా జేబులోని ఫోను పేరులోనూ ఉన్నది ఒకే మాట. అక్కడ మనిషిని మనిషి నుండి విడదీయడానికి గడులు కట్టారు. ఇక్కడ మనిషిని మనిషితో కలపడానికి గడులు గీశారు. మా బృందంలోని పదవ తరగతి అమ్మాయి ఈ పోలికను పైకి అనేసరికి పెద్దలమంతా కాసేపు మాట్లాడలేకపోయాము.

పిలుపు చేరకూడని చోటు

మరునాడు తెల్లవారకముందే బారాటాంగ్‌కు ప్రయాణం. సున్నపురాతి గుహలు, బురద ఉబికే బుగ్గలు అక్కడి విశేషాలు. దారి జారవాల అభయారణ్యం గుండా పోతుంది. జిర్కాటాంగ్ వద్ద వాహనాలన్నింటినీ ఆపి, నిర్ణీత వేళల్లో, పోలీసు రక్షణతో ఒకే వరుసగా పంపుతారు. నడుమ ఎక్కడా ఆగరాదు, తినుబండారాలు అందించరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు. ఆదిమ తెగల పరిరక్షణకు 1956లోనే ఒక నిబంధన చేశారు. 2012లో పర్యాటకుల ఎదుట జారవా స్త్రీలను ఆడించిన దృశ్యాలు బయటపడి దేశమంతటా నిరసన వెల్లువెత్తిన తరువాత కట్టుదిట్టాలు మరింత పెరిగాయి.

బస్సులో అందరూ ఫోన్లు సంచుల్లో పెట్టేశారు. కెమెరా లేని మా చిన్న ఫోన్లను కూడా లోపల పెట్టాము. అడవి దట్టమయ్యేసరికి వాటిలో సంకేతమూ లేదు. ఆకాశాన్నంటే చెట్ల మధ్య ఆ గంటసేపూ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 1997 ప్రాంతం వరకు బయటివారితో స్నేహసంబంధాలకు సిద్ధపడని ఆ జనులను వారి మానాన వారిని ఉండనివ్వడమే మర్యాద అని ప్రభుత్వ విధానం చెబుతున్నది. అందుబాటులో ఉండడం ఎంత విలువైనదో, అందకుండా ఉండే హక్కు కూడా అంత విలువైనదే కాబోలునని ఆ దారిలో మాకు తోచింది. మిడిల్ స్ట్రెయిట్ వద్ద బల్లకట్టు దాటుతుంటే పిల్లలు ఇంక ఫోన్లు తీయవచ్చునా అని అడిగారు.

డ్యూటీ ఫోను

మేము బస చేసిన అతిథిగృహం పక్కనే ఒక సమాచార సంస్థలో పనిచేసే తెలుగు యువకుడు కుటుంబంతో ఉంటున్నాడు. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. చొక్కా జేబులో పాలిథిన్ కవరు చుట్టిన చిన్న ఫోను. అచ్చంగా మాదాని వంటిదే. అది కూడా సంస్థ ఇచ్చినదే. ఒక సాయంత్రం మమ్మల్ని ఇంటికి పిలిచి, ఆయన భార్య కొబ్బరిపాలతో వండిన చేపలపులుసు వడ్డించింది.

ఆయన ద్వారా మేము తెలుసుకున్నది చాలా ఉన్నది. 2020 వరకు ఈ దీవుల మాటలన్నీ ప్రధానభూమికి ఉపగ్రహం మీదుగానే వెళ్ళవలసి వచ్చేది. ఉపగ్రహం భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్ళి కిందికి రావడానికి పావు సెకను, బదులు రావడానికి మరో పావు సెకను. అందువల్ల ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం. పైగా ఆ దారి ఇరుకు. ఇంటర్నెట్ సంగతి చెప్పనక్కరలేదు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన సముద్రగర్భ కేబులు ఈ కష్టాన్ని తీర్చింది. చెన్నై నుండి శ్రీ విజయపురానికి, అక్కడి నుండి స్వరాజ్ ద్వీప్, రంగత్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున కాంతితంతువులను పరిచారు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. దీనిని బి.ఎస్.ఎన్.ఎల్. చేపట్టగా సాంకేతిక సలహాదారుగా టి.సి.ఐ.ఎల్. వ్యవహరించింది. రెండూ ప్రభుత్వరంగ సంస్థలే కావడం మనబోటివారికి గర్వకారణం. ఇప్పుడు చెన్నైకి మాట చేరడానికి సెకనులో వందవ వంతు కూడా పట్టదు.

"కేబులు వచ్చినా కొండలు కొండలే, అడవి అడవే కదా సార్" అన్నాడాయన. టవరు పాడైతే వానైనా, అర్ధరాత్రైనా బయలుదేరవలసిందే. కొన్ని చోట్లకు రోడ్డు ఉండదు, డింగీలో పోవాలి. కరెంటు పోయిన రోజుల్లో తెరపెద్ద ఫోన్లన్నీ నిద్రపోతాయి. ఈ చిన్నదొక్కటే మేలుకుని ఉంటుంది. "ఇది సంస్థది సార్. కానీ ఊళ్ళో మా అమ్మకు నోటికి వచ్చిన నంబరు ఇదొక్కటే" అని నవ్వాడు.

ఆ నవ్వు వెనుక ఒక కథ ఉన్నది. 2004 డిసెంబరు 26న ఆయన పన్నెండేళ్ళ బాలుడు. తండ్రి పనిచేసే లిటిల్ అండమాన్‌లోని హట్‌బే వద్ద ఉన్నారు.

తొమ్మిది రోజుల మౌనం

ఆనాటి ఉదయం ఆరున్నర గంటల వేళ సుమత్రా సమీపాన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. కాసేపటికి సునామీ విరుచుకుపడింది. కార్ నికోబార్ వైమానిక స్థావరంలో సిబ్బంది, కుటుంబసభ్యులు కలిపి నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దీవి మునిగిపోతున్నదన్న రేడియో సందేశమే అక్కడి నుండి చివరిగా అందినది. దేశపు దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్‌లో నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. 1972 నుండి ఓడలకు దారి చూపిన అక్కడి దీపస్తంభం నీటి మధ్య మిగిలింది. దాని చెంత కాపురమున్న కుటుంబాలు అనేకం మిగలలేదు.

టెలిఫోన్లు మూగబోయిన ఆ వేళ హైదరాబాదుతో ముడిపడిన ఒక సంగతిని మన పాఠకులు తప్పక తెలుసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వాన ఒక చిన్న బృందం ఆ డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చి ఉన్నది. దీవుల నుండి ప్రపంచ రేడియో అభిమానులతో మాట్లాడడం వారి ఉద్దేశం. భూమి కంపించగానే ఆ సరదా పని సేవగా మారింది. వారి యంత్రాల మీదుగా క్షేమసమాచారాలు, సహాయ సందేశాలు రాత్రింబగళ్ళు ప్రధానభూమికి చేరాయి. బృందంలోనివారు కార్ నికోబార్‌కు కూడా వెళ్ళి రేడియో కేంద్రం నెలకొల్పారు.

మా ఆతిథేయుని కుటుంబం ఎత్తైన చోటికి పరుగెత్తి బతికింది. కానీ ఆ మాట ఊరికి చెప్పే దారి లేదు. సహాయ శిబిరంలో పేర్లు రాసుకున్నారు. ఆ పేర్లు ఏ చేతులు మారి, ఏ రేడియో మీదుగా వెళ్ళాయో వారికి నేటికీ తెలియదు. తొమ్మిదవనాడు శ్రీకాకుళం జిల్లాలోని వారి ఊరికి పోలీసు జవాను సైకిలు మీద వచ్చి, అందరూ క్షేమమని చెప్పాడట. "అప్పటికే మా నాయనమ్మ ఇంట్లో దీపం పెట్టేసింది సార్" అన్నాడు. చనిపోయినవారికి పెట్టే దీపం. కబురు విన్నాక కూడా ఆమె ఆ దీపాన్ని తన చేత్తో ఆర్పలేకపోయిందట. పక్కింటివారు వచ్చి తీశారట.

ఈ విషాదం తరువాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమైన ఇంకాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం పని ప్రారంభించింది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద మళ్ళీ పెద్ద భూకంపం వచ్చినప్పుడు నికోబార్ దీవులకు అక్కడి నుండే హెచ్చరికలు వెళ్ళాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, దక్కను పీఠభూమిపై కూర్చున్న ఉద్యోగులు రేయింబగళ్ళు సముద్రానికి కాపలా కాస్తున్నారు. వారి హెచ్చరిక చివరి మనిషికి చేరే సాధనాలలో జేబులోని ఈ చిన్న ఫోను కూడా ఒకటి.

సెలవూ, బాధ్యతా

వీడ్కోలు వేళ మేము ఆయనను మా ప్రశ్నే అడిగాము. సెలవు మీద ఊరికి వెళ్ళేటప్పుడు ఈ ఫోను ఏం చేస్తారని. ఆయన ఆలోచించకుండానే జవాబిచ్చాడు: "తోటివాడి చేతిలో పెట్టి వెళ్తాను సార్. ఫోను మోగాలి, ఎవరో ఒకరు తియ్యాలి. నేనే తియ్యాలని లేదు కదా. ఊళ్ళో ఉండి తీసినా నేను టవరెక్కలేను." తల్లికి మాత్రం ముందుగానే చెబుతాడట, ఆ నాలుగు రోజులు ఆ నంబరులో వేరే అబ్బాయి పలుకుతాడని.

నౌక మీద మేము కదిలించలేని పంపును రాత్రి షిఫ్టువారు నడిపించిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. సంస్థ ఫోను వ్యక్తికి ఇచ్చినది కాదు. ఆ పనికి ఇచ్చినది. దీపస్తంభం వెలగడం ముఖ్యం. ఈ రాత్రి ఎవరు వెలిగించాలన్నది వంతును బట్టి ఉంటుంది. వంతు లేనివాడు నిశ్చింతగా నిద్రపోతేనే తన వంతు వచ్చినప్పుడు మెలకువగా ఉండగలడు.

తిరిగి వచ్చాక మా విభాగంలో ఒక చిన్న రిజిస్టరు పెట్టుకున్నాము. సెలవు మీద వెళ్ళేవారు తాళాలతోపాటు సంస్థ ఫోనును కూడా ఫలానావారికి అప్పగించినట్లు సంతకం చేస్తారు. అధికారులు దీనిని ఆమోదించారు. ఇతర విభాగాలవారు కూడా ఆలోచించవలసిందిగా మనవి.

అండమాన్ వెళ్ళదలచిన మిత్రులకు రెండు మాటలు. డిసెంబరు నుండి మార్చి వరకు వాతావరణం అనుకూలం. రాజధానికి మనవారికి ప్రత్యేక అనుమతి అవసరం లేదు. నికోబార్‌కు, గిరిజన ప్రాంతాలకు మాత్రం ఉండాలి. వీలైతే ఒకవైపైనా నౌకలో వెళ్ళండి. దీవులలో చీకటి తొందరగా పడుతుంది గనుక తెల్లవారకముందే బయలుదేరండి. ఇంటికి క్షేమంగా చేరామని ఒక్క మాట చెప్పి, ఆపై సముద్రాన్ని చూడండి. మీ సంస్థ ఫోను మీ సహోద్యోగి జేబులో భద్రంగా మోగుతూనే ఉంటుంది.